తట్టిన చెయ్యి

ఆకలితో ఉన్నవాడికి పెరుగన్నం పెట్టడం నేరమని డాక్టర్ శారదకి యాభై ఎనిమిదేళ్ళొచ్చాక, అదీ కోటు తొడుక్కున్న ఒక లాయరు చెబితే తెలిసింది. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఈ దేశం వచ్చి, ఆష్‌బర్న్‌లో క్లినిక్ పెట్టిన ఇన్నేళ్ళలో ఏ పేషెంటూ చెప్పలేదు. పుట్టింట్లో అయితే పెట్టకపోవడమే నేరం.

అసలు జరిగిందేమిటంటే, అది 2008 అక్టోబరు. శుక్రవారం మధ్యాహ్నం, ఆష్‌బర్న్ నుంచి డ్రైవ్ చేసుకుని పక్క రాష్ట్రంలోకి వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, హోటల్ హాల్లో ఫైటర్ల బరువులు తూస్తున్నారు. మర్నాడు పోటీలు. ఇనప వల బోనులోకి ఇద్దర్ని పంపి తలుపేస్తారు. గుద్దచ్చు, తన్నచ్చు, కింద పడేసి మెడ బిగించచ్చు. ఒకడు లేవలేని స్థితికి వచ్చేదాకానో, ఇక నావల్ల కాదని ఎదుటివాడి ఒంటిమీద చేత్తో తట్టేదాకానో ఆట. ఆ బోనుకి ఆనుకుని కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవడికి ఏ దెబ్బ ఎంత లోతుగా తగిలిందో చూసి, ఆపాలంటే ఆపించే డాక్టరు శారద, ఇలాంటి పోటీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ కమిషన్ నియమించిన మనిషి. ఆవిడ భర్త గోపీనాథ్, రిటైరైన ఇంజనీరు, ఆవిడని రౌడీల డాక్టరమ్మ అంటాడు. "నోములు నోచుకోవలసిన వయసులో నీకు ఈ నెత్తుటి కూడేమిటే" అంటాడు. అంటూనే కారులో పెట్రోలు పోయించి పెడతాడు.

ఆ రోజు తూకంలో అందరికన్నా ఆఖర్న వచ్చినవాడు అనుదీప్. ఆరడుగుల నాలుగంగుళాలు. ఆష్‌బర్న్ డేటా సెంటర్లో సర్వర్ల ర్యాకులు మోసి బిగించే ఉద్యోగం, మిగిలిన టైమంతా జిమ్ము. హెవీవెయిట్ అంటే రెండువందల అరవై అయిదు పౌండ్లు దాటకూడదు. మామూలుగా అతను అంతకన్నా బాగా ఎక్కువే ఉంటాడు. అందుకని రెండు రోజుల్నించి తిండి మానేసి, నీళ్ళు మానేసి, రబ్బరు సూటు తొడుక్కుని చెమట కార్చుకుంటూ వచ్చాడు. తూకం యంత్రం మీద నిలబడ్డప్పుడు మోకాళ్ళు వణుకుతున్నాయి. సరిపోయిందని చెప్పగానే దిగి, గోడ పక్కనున్న మడత కుర్చీలో కూలబడ్డాడు. పెదాలు బీటలు వారి ఉన్నాయి.

"హాయ్ ఆంటీ," అన్నాడు కళ్ళు ఎత్తకుండానే.

ఆష్‌బర్న్‌లోని తెలుగు పిల్లలందరికీ శారద ఆంటీయే. ముప్పై రెండేళ్ళొచ్చినా ఇతనికీ అంతే.

"కోచ్ ఏడిరా?"

"శాండ్‌విచ్ తేవడానికి వెళ్ళాడు. ఇంకా రాలేదు."

శారద అతని నాడి చూసింది, చర్మం గిల్లి చూసింది. నీళ్ళ సీసా తెచ్చి గుక్కెడు గుక్కెడు తాగించింది. అవి లోపల నిలిచాయని నమ్మకం కుదిరాక తన చేతిసంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో తన మధ్యాహ్నం భోజనం. అల్లం, పచ్చిమిర్చి తాలింపు వేసిన పెరుగన్నం, పక్కన చిన్న కాగితంలో ఆవకాయ బద్ద.

"నువ్వు తినవా ఆంటీ?" అన్నాడు. మీరు అనడం ఆ పిల్లలకి ఎవరూ నేర్పలేదు.

"నేను కాఫీ తాగుతాలే. మెల్లిగా తిను, నమిలి తిను."

అంత పెద్ద మనిషి ఆ చిన్న డబ్బాని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ప్లాస్టిక్ చెంచాతో తింటుంటే ఆవిడకి గుండె తరుక్కుపోయింది. సరిగ్గా అప్పుడే పోటీలు నడిపించే మెర్సర్ అటు వచ్చాడు. "డాక్, ఎంత బాగుందో చూడండి!" అంటూ ఫోటో తీశాడు. సాయంత్రానికి వాళ్ళ వెబ్‌సైట్‌లో, "మన డాక్టర్ మనసు వెన్న" అన్న ధోరణిలో కింద ఒక ముక్క రాసి మరీ పెట్టాడు. ఆ ఫోటో చూసుకుని ఈవిడ మురిసిపోయింది కూడాను. గోపీనాథ్‌కి చూపించింది.

అనుదీప్ ప్రత్యర్థి కాల్టన్ రీవ్స్‌ది ఆ ఊరే. ఇరవై మూడేళ్ళవాడు, మెర్సర్ పెంచుకొస్తున్న కుర్రాడు, హాల్లో సగం టికెట్లు వాడి పేరు మీదే అమ్ముడుపోయాయి. గెలిచినవాడిని టీవీలో పోటీలు చూపించే పెద్ద కంపెనీ తీసుకుంటుందని, వాళ్ళ మనిషి మొదటి వరసలో కూర్చుంటాడని అందరికీ తెలుసు. కాల్టన్‌కి ఇంకా బోలెడు రోజులున్నాయి. అనుదీప్‌కి ఇదే ఆఖరి పిలుపు. ముప్పై రెండేళ్ళ హెవీవెయిట్‌ని ఓడిపోయాక మళ్ళీ ఎవడు పిలుస్తాడు? పిలిచినా, ఇలాంటి కుర్రాళ్ళ చేత తన్నించడానికే పిలుస్తారు.

శనివారం సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. బోనుకి ఒకవైపు మాత్రం జనం లేరు. అక్కడ అంబులెన్సు గేటు, టైము చూసేవాడి బల్ల, డాక్టరు కుర్చీ. ఉన్న ఒక్క వీడియో కెమెరా అవతలి వైపుంది.

మొదటి రౌండంతా కాల్టన్ గుద్దుతూనే ఉన్నాడు. అనుదీప్ కనుబొమ పగిలింది. విరామంలో శారద లోపలికెళ్ళి బొటనవేలితో గాయం విప్పి చూసి, కొనసాగించచ్చు అంది. అందరూ ఆవిడ మాట కోసం ఆగారు, ఆవిడ తలూపగానే కదిలారు. ఎప్పుడూ అంతే. ఆ బోనులో ఆవిడ మాటకి ఎదురు లేదు.

రెండో రౌండులో అనుదీప్ ఒడుపుగా కిందికి వంగి, కాల్టన్ నడుము పట్టుకుని ఎత్తి, శారద కూర్చున్న వైపే వలకి ఆనించి పడేశాడు. చూస్తుండగానే వాడి వీపు మీదికి చేరి మెడ చుట్టూ చెయ్యి దూర్చి బిగించాడు. కాల్టన్ మొహం వలకి నొక్కుకుపోయి సరిగ్గా శారద ఎదురుగా ఉంది, చేయి చాస్తే అందేంత దగ్గర. మొహం కందిపోయింది, తర్వాత నీలం తిరిగింది. రెఫరీ అనుదీప్ కొండంత వీపుకి అవతల వంగి చూస్తున్నాడు. కాల్టన్ కుడి చెయ్యి నలిగిపోయి కిందుంది. ఎడం చెయ్యి కదిలింది. అనుదీప్ తొడ మీద తట్టింది. ఒకసారి కాదు, గబగబా, పిల్లలు తలుపు కొట్టినట్టు.

అనుదీప్ వెంటనే వదిలేశాడు. వదిలేసి, మోకాళ్ళ మీద లేచి, చేతులు పైకెత్తాడు.

రెఫరీ మాత్రం పట్టు జారిపోయిందనుకున్నాడు. "ఫైట్!" అని అరిచాడు.

"తట్టాడు! అతను తట్టాడు!" శారద కుర్చీలోంచి లేచి వల పట్టుకుని కేకేసింది. ఆ గోలలో ఎవడికి వినిపిస్తుంది? అనుదీప్ చేతులు దించి, లేచి నిలబడి, రెఫరీ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. కాల్టన్ దగ్గుతూ లేచి, ఊపిరి కూడా పూర్తిగా పీల్చుకోకుండా, బలమంతా కూడదీసుకుని దవడ మీద గుద్దాడు. చేతులు కిందున్న మనిషి. చూడనివైపు నుంచి దెబ్బ. అనుదీప్ నిలువునా కూలిపోయాడు.

లోపలికి ముందుగా పరిగెత్తవలసింది ఆవిడే కదా, పరిగెత్తింది. టార్చి కళ్ళలో వేసింది. కాసేపటికి కనుపాపలు కదిలాయి. తెలుగులోనే అడిగింది, "నాన్నా, నేనెవరు?"

"ఆంటీ," అన్నాడు. తర్వాత, "ఆంటీ, వాడు తట్టాడు."

"చూశానురా. నేను చూశాను."

పక్కనే కాల్టన్ చెయ్యి పైకెత్తి విజేత అన్నారు. మెర్సర్ మైకు వాడి నోటి దగ్గర పెట్టాడు. "గట్టిగానే పట్టుకున్నాడు, నేనే తప్పించుకున్నాను," అన్నాడు వాడు బొంగురు గొంతుతో. హాలు ఊగిపోయింది. శారదకి అరికాలి మంట నెత్తికెక్కింది.

పోటీలయ్యాక ఫైటర్లందర్నీ పరీక్ష చేసి పంపాలి. కాల్టన్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నోరు విప్పితే మాట కన్నా గాలే ఎక్కువ వస్తోంది. శారద వాడి గొంతుని రెండు వేళ్ళతో తడిమి చూసింది, మింగమంది. మింగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి వల్ల అనుకుంది. కాదు, ఏడుస్తున్నాడు.

"చీకట్లు కమ్మాయి డాక్టర్. నేను తట్టాను. ఆయన వదిలేశాడు. తర్వాత ఫైట్ అని వినపడింది. ఏం చెయ్యాలో తెలీలేదు. గుద్దేశాను."

"ఆ మాట బయటికెళ్ళి చెప్పు."

"మా నాన్న అక్కడున్నాడు. ఊరంతా ఉంది." రెండు చేతులతో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకండి. మీరు డాక్టర్ కదా."

డాక్టర్ కదా! ఆ మాటతో ఆవిడ నోటికి తాళం పడింది. మెత్తని పదార్థాలే తినమని, ఊపిరి కష్టమైతే ఎమర్జెన్సీకి వెళ్ళమని చెప్పి పంపించింది. తర్వాత తిన్నగా కమిషన్ సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి, తను కళ్ళారా చూసింది మాత్రం చెప్పింది. ఆయన జాలిగా నవ్వాడు. "డాక్టర్, మీ పని గాయాలు. గెలుపోటములు రెఫరీ పని," అన్నాడు.

ఆదివారం పొద్దున అనుదీప్ శారద ఇంటికి వచ్చాడు. తల తిరుగుతోందా, వాంతులయ్యాయా అని శారద చూసుకుంది. గోపీనాథ్ కాఫీ కలిపి ఇచ్చాడు. అనుదీప్ చేతిలో ఆ కప్పు పిల్లలాడుకునే బొమ్మ కప్పులా ఉంది.

"కోచ్ నన్ను తిట్టాడు అంకుల్. రెఫరీ చెయ్యి నీ భుజం మీద పడేదాకా వదలకూడదు, తెలీదా అన్నాడు."

"తెలీదా మరి?" అన్నాడు గోపీనాథ్.

"తెలుసు. కానీ జిమ్‌లో ఫస్ట్ డే ఏం చెప్తారో తెలుసా? ఎవరన్నా తడితే వెంటనే వదిలెయ్యి. వాడి మెడ నీ చేతిలో ఉంది. నువ్వు వదలకపోతే నీతో ఎవరూ ట్రైన్ చెయ్యరు. పదేళ్ళు రోజూ అదే. తట్టగానే నా చెయ్యి దానంతట అదే వదిలేసింది అంకుల్. నేను ఆలోచించలేదు." కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడు అందరూ నన్ను ఫూల్ అంటున్నారు. వాడు తట్టాడు, నేను వదిలాను. దాంట్లో నేను ఏం తప్పు చేశాను?"

కమిషన్‌కి అప్పీలు పెట్టాను, బుధవారం విచారణ, నువ్వు వస్తావా ఆంటీ అని అడిగాడు. "రాకేం చేస్తాను?" అంది శారద.

అతను వెళ్ళాక గోపీనాథ్ మెల్లిగా, "ఆ రెండో కుర్రాణ్ణి కూడా నువ్వే చూశావుగా. వాడేమన్నా అన్నాడా?" అని అడిగాడు.

శారద కప్పులు కడుగుతూ ఉండిపోయింది. అన్నేళ్ళు కాపురం చేసినవాడు, అతనికి అర్థమైపోయింది.

"అనే ఉంటాడు. అయితే ఆ ఒక్క ముక్కా బుధవారం చెప్పెయ్యి, పీడా విరగడవుతుంది."

"పరీక్ష గదిలో పేషెంటు ఏడుస్తూ అన్నమాట పట్టుకెళ్ళి నలుగురిలో పెట్టమంటారా?"

"వాడు అబద్ధాలకోరు!"

"అయితే అబద్ధాలకోరు పేషెంటు," అని కుళాయి కట్టేసింది.

సోమవారం క్లినిక్‌కి మెర్సర్ ఫోన్ చేశాడు. గొంతులో తేనె కారుతోంది. డాక్టర్ గారంటే మాకెంతో గౌరవం, మీరు సాక్ష్యానికి రాకపోతేనే మీకు మంచిది, ఆ శుక్రవారం ఫోటో ఒకటుంది కదా, అది చూస్తే ఎవరికైనా అనుమానం రాదూ, మీరూ అతనూ ఒకే ఊరు, ఒకే భాష, ఒకే తిండి... శారద రిసీవరు పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఫోటో తీసింది వీడు. మనసు వెన్న అని రాసింది వీడు. పెట్టిన చేతికే బురద పూస్తున్నాడు. "తప్పకుండా వస్తాను మిస్టర్ మెర్సర్, నా కుర్చీ ముందుగా వేయించండి," అని పెట్టేసింది.

బుధవారం పొద్దున్నే వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూసింది. గోపీనాథ్ పెరుగన్నం కలుపుతున్నాడు. తాలింపులో ఆవాలు కాస్త మాడాయి.

"ఇదేమిటి?"

"ఏది చూస్తే అనుమానమొస్తుందన్నారో అదే. ఉప్పు చూడు," అన్నాడు. కారు కూడా తనే డ్రైవ్ చేశాడు.

కమిషన్ ఆఫీసులో పొడుగాటి బల్లకి అటు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఛైర్‌పర్సన్ మిసెస్ హాలొవే, తెల్లజుట్టు మనిషి. ఇటువైపు ఒక చివర అనుదీప్, కుట్లు వేసిన కనుబొమతో, బిగుతుగా ఉన్న కోటులో. ఇంకో చివర కాల్టన్, మెర్సర్, వాళ్ళ లాయరు. రెఫరీ ముందుగా చెప్పేశాడు: తనకి తట్టడం కనిపించలేదు. టైము చూసేవాడు గడియారం చూస్తున్నాడట. కాల్టన్ మాట మెర్సర్ లాయరే చెప్పాడు: మా కుర్రాడు పట్టు విడిపించుకోవడానికి చెయ్యి కదిలించాడంతే. వీడియోలో అనుదీప్ వీపు తప్ప ఏమీ లేదు.

శారద తను చూసింది చూసినట్టు చెప్పింది. ఏ చెయ్యి, ఎక్కడ తట్టింది, తన మొహానికి ఎంత దూరంలో.

లాయరు లేచాడు. బల్ల మీద ఫోటో పెట్టాడు. "ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే."

"ఏం చేస్తున్నారు?"

"అన్నం పెడుతున్నాను."

"అందరు ఫైటర్లకీ పెడతారా?"

"ఆకలితో ఎదురుగా కూర్చున్నవాళ్ళకి పెడతాను."

"రీవ్స్‌కి పెట్టలేదేం?"

"వాళ్ళమ్మ ఇంటి నుంచి మాంసం వండి తెచ్చి పక్కనే కూర్చుని తినిపిస్తోంది. నేనెందుకు పెట్టాలి?"

బల్ల అవతల ఒకాయన నవ్వాపుకున్నాడు. లాయరు నవ్వలేదు. పోటీకి ముందు అధికారిక వైద్యురాలు ఒక ఫైటర్‌కి తన చేతి తిండి పెట్టింది. అతనిది తన ఊరు, తన భాష. పోటీలో అతని తరఫున కేకలేసింది. ఇప్పుడు అతని తరఫున సాక్ష్యమిస్తోంది. ఇది నిష్పాక్షికతేనా అని ఛైర్‌పర్సన్‌ని అడిగాడు. ఇలాంటి వైద్యురాలు ఇచ్చిన పాత నిర్ణయాలన్నీ తిరిగి చూడవలసి రావచ్చన్నాడు. నిబంధనల ప్రకారం ఇది నేరం కిందికే వస్తుందన్నాడు.

మిసెస్ హాలొవే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "డాక్టర్, మీ సాక్ష్యం రికార్డులో ఉంటే మీ ప్రవర్తన మీద విచారణ జరపక తప్పదు. అది మెడికల్ బోర్డు దాకా వెళ్ళచ్చు. మీ క్లినిక్ మీద కూడా దాని ప్రభావం ఉండచ్చు. అది మీకు తెలియాలని చెబుతున్నాను."

క్లినిక్! శారద బతుకంతా ఆ క్లినిక్కే. చెయ్యి తెలీకుండానే బల్ల అంచు పట్టుకుంది.

అది అనుదీప్ చూశాడు. కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నా అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతటితో ఆపేద్దాం. డాక్టర్ గారిని వదిలెయ్యండి."

మెర్సర్ గట్టిగా ఊపిరి వదిలాడు. లాయరు కాగితాలు సర్దడం మొదలెట్టాడు. శారద తల తిప్పి అనుదీప్‌ని చూసింది. అవే చేతులు, శనివారం వదిలేసిన చేతులు. మళ్ళీ వదిలేస్తున్నాడు వెధవ, ఎదుటి మనిషికి నొప్పి పుట్టిందని అనిపిస్తే చాలు!

"కూర్చో," అంది తెలుగులో.

"ఆంటీ, పోనీలే. నీ క్లినిక్..."

"నేను తట్టానా?"

అతను నోరు తెరుచుకుని చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. నేను తట్టానా? నీకు తగిలిందా నా చెయ్యి? ఎవరు తట్టారని వదిలేస్తున్నావు? కూర్చోమన్నానా!"

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి కూర్చున్నాడు. వెనక వరసలో గోపీనాథ్ గొంతు సవరించుకున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నారని మిసెస్ హాలొవే అడిగింది.

"అతను అప్పీలు వెనక్కి తీసుకోవడం లేదని చెబుతున్నాడు," అంది శారద ఇంగ్లీషులో. మెడలో వేలాడుతున్న కమిషన్ బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టింది. "విచారణ చేసుకోండి. ఈ క్షణం నుంచి నేను మీ డాక్టర్ని కాను. ఇన్నేళ్ళు నేను ఆపమంటే ఆపారు, సరేనంటే కానిచ్చారు. ఎవరికేం తినిపించావని ఏనాడూ అడగలేదు. మొన్న మొదటి రౌండు తర్వాత ఇదే అనుదీప్ కనుబొమ చూసి, కొనసాగించచ్చు అన్నాను. అప్పుడు నా కళ్ళు మీకు పనికొచ్చాయి. మా ఊరివాడని అప్పుడెవరూ అడగలేదే! నెత్తురు చూడ్డానికి పనికొచ్చిన కళ్ళు చెయ్యి చూడ్డానికి పనికిరావా? ఒకే భాష అంటున్నారు. మీ రెఫరీది, మీ కుర్రాడిది, మీ మెర్సర్‌ది కూడా ఒకే భాషే. వాళ్ళనెందుకు అడగరు?"

కాల్టన్ తల వంచుకుని బల్ల చెక్క గీరుతున్నాడు.

మిసెస్ హాలొవే కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "డాక్టర్, పోటీ అయ్యాక రీవ్స్‌ని మీరే పరీక్షించారు. తట్టడం గురించి అతను మీతో ఏమైనా అన్నాడా?"

కాల్టన్ వేలు ఆగిపోయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వెనక గోపీనాథ్ ముందుకి వంగాడు. ఒక్క మాట. అవునంటే చాలు, అనుదీప్ గెలుస్తాడు, తన మాట నిలుస్తుంది, ఫోటో చెత్తబుట్టలోకి పోతుంది. శారదకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాల్టన్ గొంతు మీద ఇంకా కమిలిన చార ఉంది. శనివారం ఆ గొంతు మీద తన వేళ్ళున్నాయి.

"పరీక్ష గదిలో పేషెంటు అన్నవి, అననివి నేను బయట చెప్పను."

"చెబితే మీకే లాభం కావచ్చు."

"కావచ్చు. చెప్పను."

కాసేపు విరామం అన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు ముగ్గురూ. గోపీనాథ్ సంచీలోంచి స్టీలు డబ్బా తీసి భార్య ఒళ్ళో పెట్టాడు. శారద మూత తీసి అనుదీప్‌కి అందించింది.

"ఇప్పుడు నేను ఎవరి డాక్టర్నీ కానుగా. తిను. పొద్దున్నించీ ఏం తిని ఉండవు."

"ఆంటీ, నీ జాబ్ పోయింది నా వల్ల."

"నీ వల్ల కాదు. వాళ్ళ వల్ల. అది మటుకు సరిగ్గా గుర్తుపెట్టుకో."

అతను రెండు ముద్దలు తిన్నాడో లేదో, తలుపు తోసుకుని కాల్టన్ ఒక్కడే బయటికి వచ్చాడు. గోడకున్న కుళాయి దగ్గర వంగి నీళ్ళు తాగాడు. మింగేటప్పుడు మెడ బిగబట్టాడు.

"ఇంకా నొప్పిగా ఉందా?" అని అడిగింది శారద. అలవాటు.

తలూపాడు. వెళ్ళిపోబోయి ఆగాడు. ఆవిణ్ణి చూడలేక అనుదీప్ వైపు తిరిగాడు.

"ఎందుకు వదిలావు?"

అనుదీప్ చెంచా పట్టుకునే ఉన్నాడు. కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. "నువ్వు తట్టావు."

కాల్టన్ నిలబడే ఉన్నాడు. వాడి చూపు ఆ డబ్బా మీద, అక్కణ్ణించి శారద ఖాళీ మెడ మీద, బ్యాడ్జీ లేని చోట ఆగింది. ఇంతలో తలుపు దగ్గర మెర్సర్ ప్రత్యక్షమయ్యాడు. "కాల్టన్, రా. నిన్ను ఒక్కటే అడుగుతారు. మనం అనుకున్నట్టే చెప్పు," అన్నాడు.

వాడు లోపలికి వెళ్ళాడు. తలుపు పూర్తిగా పడలేదు.

మిసెస్ హాలొవే గొంతు వినిపించింది. "మిస్టర్ రీవ్స్, లాయరు గారు కాదు, మీరు చెప్పండి. మీరు తట్టారా?"

మెర్సర్ ఏదో అనబోతే ఆవిడ ఆగమంది. గోపీనాథ్ శారద చెయ్యి పట్టుకున్నాడు.

"తట్టాను మేడమ్," అంది ఆ బొంగురు గొంతు. "ఆయన నన్ను వదిలేశాడు. నేనే గుద్దాను. డాక్టర్ గారికి శనివారమే చెప్పాను. ఆవిడ మీకు చెప్పలేదు."

లోపల కుర్చీలు జరిగాయి, మెర్సర్ అరుస్తున్నాడు, లాయరు మెర్సర్‌ని ఆపుతున్నాడు. అనుదీప్ అలాగే కూర్చుని ఉన్నాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. అంత మనిషీ డబ్బా మీదికి వంగిపోయి, వెక్కిళ్ళు పెడుతున్నాడు. చెంచా జారి నేల మీద పడింది.

శారద వంగి చెంచా తీసి చీరకొంగుతో తుడిచింది.

"ముందది తిను నాన్నా. తర్వాత ఏడుద్దువుగాని," అంది.